లాప్‌టాప్ ఆన్ కావడానికి లేటైతుందా? చెయ్యి పెట్టే ముందు ఇవి చూసుకోండి

- అన్నిటికన్నా ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, పట్టా పాసుబుక్కు స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. లోపల హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటే కాపీ అయినంక ఆపేయండి, ఇక రిపేర్ల జోలికి పోవద్దు.

- చార్జర్ పెట్టే ఉంచండి. దేవరకొండ దిక్కు ఊళ్లల్ల కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. అప్‌డేట్ నడుమ బ్యాటరీ అయిపోతే విండోస్ చెడిపోవచ్చు.

- బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందా? 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగ్‌లు) ఏదన్నా మారిస్తే ఈ కీ అడగొచ్చు. కీ లేకుంటే డేటా పోయినట్టే.

- షట్‌డౌన్ కాదు, ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి. ఫాస్ట్ స్టార్టప్ (తొందరగా ఆన్ కావడానికి విండోస్‌లో ఉండే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌తో విండోస్ పూర్తిగా ఆగదు.

- టాస్క్ మేనేజర్‌లో (నడుస్తున్న ప్రోగ్రాములు చూపించే విండోస్ టూల్) స్టార్టప్ యాప్‌లు, అంటే లాప్‌టాప్ ఆన్ కాంగనే వాటంతటవే మొదలయ్యేవి, ఆపేటప్పుడు ముందు ఆ లిస్టు ఫొటో తీసుకోండి. అందులో యాంటీవైరస్, టచ్‌ప్యాడ్ పేరున్నవి మాత్రం ఆపొద్దు.

- "స్పీడ్ పెంచుతం" అనే ఉచిత క్లీనర్లు వద్దే వద్దు.

- ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయించడానికి మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో షాపుకు ఇస్తే వారంటీ చూసుకొని ఇవ్వండి, పాత డిస్క్ అడిగి తెచ్చుకోండి.