రక్షణ ఒప్పందం వివరాలపై గొడవ మొదలైతే అసలు సంగతి ఎలా తెలుసుకోవాలి?

2018, 2019లో ఏ న్యూస్ చానెల్ పెట్టినా ఫ్రాన్స్ నుంచి కొంటున్న రాఫెల్ యుద్ధవిమానాల గొడవే. ‘విమానం ధర ఎంతో చెప్పండి’ అని ప్రతిపక్షం పట్టుబట్టేది. ‘చెప్పకూడదు, ఫ్రాన్స్‌తో గోప్యత ఒప్పందం ఉంది’ అని ప్రభుత్వం అనేది. అప్పట్లో గంటలకొద్దీ ఆ చర్చలు చూశాను. టీవీ కట్టేశాక మాత్రం ఎవరిది నిజమో తేలేది కాదు. ఆ తర్వాత పార్లమెంట్ సమాధానాలు, సుప్రీంకోర్టు తీర్పులు, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక ఒక్కొక్కటిగా ముందేసుకుని చదివితే గానీ చిక్కు వీడలేదు. ఇలాంటి గొడవ ఏ ప్రభుత్వం ఉన్నా మళ్లీ వస్తుంది. అప్పుడు మీరు ఎక్కడ వెతకాలో, ఏం అడగాలో ఇక్కడ రాస్తున్నాను.

1. ‘ఏది రహస్యం?’ అన్నది ముందు విడదీయండి

ఒక కాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. ఒప్పందం పాఠం, ధర, ఆయుధాల సాంకేతిక సామర్థ్యం, భాగస్వామి కంపెనీల ఎంపిక. వాదన విన్నప్పుడల్లా అది ఏ గడికి చెందిందో రాసుకోండి. గొడవలో సగం గందరగోళం ఈ నాలుగింటినీ కలిపేయడం వల్లే వస్తుంది. రాడార్ ఎంత దూరం చూస్తుందో బయటపెట్టమని బుద్ధి ఉన్నవాళ్లెవరూ అడగరు. అది పైలట్ ప్రాణాలకు సంబంధించిన విషయం. మన పన్నుల డబ్బు ఎంత ఖర్చయిందన్నది వేరే ప్రశ్న.

2. గోప్యత క్లాజులో అక్షరాలా ఏముందో చూడండి

రాఫెల్ విషయంలో ప్రభుత్వం చూపించింది 2008 జనవరిలో భారత్, ఫ్రాన్స్ చేసుకున్న భద్రతా ఒప్పందాన్ని. 36 విమానాల కోసం 2016 సెప్టెంబర్ 23న రెండు ప్రభుత్వాలు సంతకం చేసిన ఒప్పందంలోని 10వ అధికరణం దాన్ని ప్రస్తావిస్తుందని 2018 ఫిబ్రవరిలో రాజ్యసభకు చెప్పారు.

ఆ ఏడాది జూలై 20న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానంపై చర్చ జరిగింది. మన తెలుగువాళ్లకు ఆ రోజు బాగా గుర్తుండాలి. ప్రత్యేక హోదా కోసం నోటీసు ఇచ్చింది కేశినేని శ్రీనివాస్, చర్చ మొదలుపెట్టింది గల్లా జయదేవ్. మరుసటి రోజు పేపర్లలో మాత్రం హోదా కన్నా రాఫెల్ వార్తే పెద్దదైంది. అలాంటి రహస్య ఒప్పందమేదీ లేదని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ తనతో అన్నారని రాహుల్ గాంధీ సభలో చెప్పారు. ఫ్రాన్స్ విదేశాంగ శాఖ అదే రోజు ప్రకటన ఇచ్చింది. దాన్ని ‘గోప్యత ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు చాలామంది. నిదానంగా చదివితే అందులో ఉన్నది ఇది: భాగస్వామి దేశం ఇచ్చిన రహస్య సమాచారం బయటపడితే రక్షణ పరికరాల భద్రతకు, పనితీరుకు దెబ్బ తగలవచ్చు, అలాంటి సమాచారాన్ని కాపాడే బాధ్యత చట్టప్రకారం రెండు దేశాలపైనా ఉంది. అంటే ఒప్పందం లేదన్న మాట నిలబడలేదు. అలాగని, ధర చెప్పకూడదని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. రెండు పక్షాలూ తమకు నచ్చిన సగాన్నే చదివాయి.

కాబట్టి ‘గోప్యత ఉంది’ అని ఎవరైనా అంటే ఏ సమాచారానికి, ఏ క్లాజు కింద, ఎవరి నుంచి దాచడానికి అని మూడు ప్రశ్నలు వేసుకోండి.

3. పార్లమెంట్‌లో అంతకుముందు ఏం చెప్పారో వెతకండి

లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో పాత ప్రశ్నలు, సమాధానాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ పనికి ఒక్క సాయంత్రం కేటాయిస్తే చాలు. 2016 నవంబర్ 18న రక్షణ శాఖ సహాయ మంత్రి సుభాష్ భామ్రే లోక్‌సభకు ఇచ్చిన సమాధానంలో ఒక్కో విమానం ధర సుమారు రూ.670 కోట్లు అని ఉంది. అదే ధర విషయం 2018కల్లా రహస్యమైంది. ఈ రెండు సమాధానాలనూ పక్కపక్కన పెట్టుకుంటే అసలు ఏ ప్రశ్న అడగాలో మీకే తడుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. మొత్తం ఒప్పందం విలువ సుమారు రూ.59 వేల కోట్లని వార్తల్లో వచ్చింది. 36తో భాగిస్తే ఒక్కోదానికి రూ.1,600 కోట్లు దాటుతుంది. ఆ లెక్కలో ఆయుధాలు, విడిభాగాలు, మరమ్మతు సేవలు, మన కోసం చేసిన ప్రత్యేక మార్పులు అన్నీ ఉన్నాయి. దాన్ని ఒట్టి విమానం ధరతో పోల్చి ‘మూడింతలు పెంచారు’ అన్నా, ఒట్టి విమానం ధరే చూపించి ‘చవకగా కొన్నాం’ అన్నా లెక్క తప్పినట్టే. కారు షోరూమ్ ధరను, ఇన్సూరెన్స్‌తో సహా ఆన్‌రోడ్ ధరతో ఎవరం పోల్చం కదా!

4. తీర్పును మీరే చదవండి, క్రియాపదం దగ్గర ఆగండి

నాకు బాగా టెన్షన్ తెప్పించింది ఈ ఘట్టమే. రాఫెల్ కొనుగోలుపై దర్యాప్తు కోరుతూ కొందరు సుప్రీంకోర్టులో పిటిషన్లు వేశారు. కోర్టు అడిగితే ధర వివరాలను ప్రభుత్వం సీల్డ్ కవర్‌లో ఇచ్చింది. పిటిషన్ వేసినవాళ్లకు అది చూపించలేదు. 2018 డిసెంబర్ 14న తీర్పు వచ్చింది. దర్యాప్తు అవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ తీర్పులో ఒక వాక్యం ఉంది: ధర వివరాలను కాగ్‌కు ఇచ్చారు, కాగ్ నివేదికను పార్లమెంట్ ప్రజా పద్దుల కమిటీ పరిశీలించింది అని. అప్పటికి కాగ్ నివేదిక సభ ముందుకే రాలేదు. అలాంటి నివేదికేదీ తమకు రాలేదని ఆ కమిటీ చైర్మన్‌గా ఉన్న మల్లికార్జున ఖర్గే వెంటనే చెప్పారు. మరునాడే ప్రభుత్వం కోర్టులో సవరణ కోసం దరఖాస్తు వేసింది. తాము కవర్‌లో రాసింది కేవలం పద్ధతి గురించేనని దాని వాదన. తెలుగులో చెప్పాలంటే ‘కమిటీ పరిశీలిస్తుంది’ అన్నది ‘కమిటీ పరిశీలించింది’ అయింది. ఒక్క క్రియాపదం! ఎదుటి పక్షం ఆ కవర్ చూసి ఉంటే ఆ తప్పును అక్కడికక్కడే పట్టుకునేది. సీల్డ్ కవర్ అంటే నాకు భయం వేసేది ఇందుకే.

కాగ్ నివేదిక 2019 ఫిబ్రవరి 13న పార్లమెంట్‌కు వచ్చింది. రక్షణ శాఖ పట్టుబట్టడంతో అందులో అసలు ధరలను కనపడకుండా చేసి శాతాలు మాత్రం ఉంచారు. మొత్తం మీద ఈ ఒప్పందానికి ముందు పిలిచిన పాత టెండర్‌లో వచ్చిన ఆఫర్‌తో పోలిస్తే 2.86 శాతం తక్కువ అని, ఒట్టి విమానం ధరలో తేడా లేదని తేల్చింది. రెండు పక్షాల కేకలకూ ఈ అంకెలకూ ఎంత దూరమో చూడండి. తీర్పును మళ్లీ పరిశీలించమంటూ వేసిన రివ్యూ పిటిషన్లను కోర్టు 2019 నవంబర్ 14న కొట్టేసింది.

5. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి

చాలామంది ‘రక్షణ శాఖ ఇవ్వదులే’ అని అసలు ప్రయత్నమే చేయరు. ఫీజు పది రూపాయలు. ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టవచ్చు, పోస్టల్ ఆర్డర్ జతచేసి పోస్టులో పంపినా సరే. 500 మాటల లోపు రాయండి. ‘ఎందుకు దాచారు?’ అని అడగకండి. సమాచార హక్కు చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్నదే, అధికారి అభిప్రాయం కాదు. ఇలా అడగండి:

- ఒప్పందం పూర్తి పేరు, సంతకం చేసిన తేదీ, కాలపరిమితి
- మొత్తం పేజీలు, అనుబంధాల సంఖ్య
- అందులోని గోప్యత క్లాజు నకలు
- పార్లమెంట్ స్థాయీ సంఘం ముందు పెట్టి ఉంటే ఆ తేదీ
- సెక్షన్ 10 ప్రకారం రహస్య భాగాలు తీసేసి మిగతా నకలు

ఆ చివరిది తప్పకుండా రాయండి. నేనొకసారి ఒక కేంద్ర కార్యాలయాన్ని ఊరికే ‘ఒప్పందం కాపీ ఇవ్వండి’ అని అడిగాను. పల్చటి కాగితం మీద ఒకే ఒక్క లైను వచ్చింది, ‘8(1)(ఎ) కింద ఇవ్వలేం’ అని. కింద సంతకం, దాని మీద ముద్ర అలికినట్టు పడింది. కారణం లేదు, ఎవరికి అప్పీల్ చేసుకోవాలో లేదు. సెక్షన్ 7(8) ప్రకారం అవి రెండూ చెప్పి తీరాలి. అప్పీల్‌లో ఆ సంగతి రాసి, సెక్షన్ 10 ప్రస్తావించాక తేదీ, పేజీల సంఖ్య, ఏ విభాగం దగ్గర ఫైల్ ఉందో ఇచ్చారు. చిన్న సమాచారమే. కానీ తర్వాత ఏం అడగాలో దాన్ని బట్టే తెలిసింది.

8(1)(ఎ) అంటే దేశ భద్రత, విదేశీ సంబంధాలు. 8(1)(డి) అంటే వ్యాపార రహస్యం. 8(1)(ఎఫ్) అంటే విదేశీ ప్రభుత్వం నమ్మకంతో ఇచ్చిన సమాచారం. ఏది చూపించినా 8(2)ను గుర్తుచేయండి. దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా దానికి అడ్డు కాదు. రాఫెల్ పత్రాలు పత్రికల్లో వచ్చినప్పుడు అవి మంత్రిత్వ శాఖ నుంచి దొంగతనమయ్యాయని, వాటిని చూడకూడదని ప్రభుత్వం వాదించింది. 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పులో 8(2) ప్రస్తావన ఉంది.

6. అవతలి దేశం ఏం ప్రకటించిందో చూడండి

ఇక్కడ దొరకనిది కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది. అమెరికా పెద్ద ఆయుధాల అమ్మకాలను తన పార్లమెంట్‌కు తెలియజేస్తూ అంచనా ధరను బహిరంగంగా ప్రకటిస్తుంది. మన దేశానికి అమ్మే 31 ఎంక్యూ-9బీ డ్రోన్ల విషయంలో 2024 ఫిబ్రవరి 1న అలాగే 399 కోట్ల డాలర్లని చెప్పింది. 2023 జూన్‌లో మన రక్షణ శాఖ చెప్పిన అంచనా 307.2 కోట్ల డాలర్లు. అమెరికా ప్రకటించేది గరిష్ఠ అంచనా, చివరి ధర కాదన్నది మరిచిపోకుండా రెండూ రాసుకోండి.

7. మీ ఎంపీకి ఉత్తరం రాయండి, గడువులు దాటనివ్వకండి

ఎంపీకి రాసేటప్పుడు ఒక్క పేజీ, ఒకే ప్రశ్న. నక్షత్రం గుర్తు ప్రశ్నగా వేయమని అడగండి, దానికి సభలో అనుబంధ ప్రశ్నలు వేసే వీలుంటుంది. పాత సమాధానం తేదీ, నంబర్ అందులో తప్పకుండా పెట్టండి.

ఆర్టీఐకి 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీల్. ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీల్. సమాచారం ఇవ్వకపోవడం సరైనదే అని నిరూపించాల్సింది అధికారే, మీరు కాదు. జవాబు వచ్చిన కవరు పారేయకండి. అప్పీల్ రోజులు జవాబు మీకు అందిన తేదీ నుంచి లెక్కకొస్తాయి, దాని మీది పోస్టల్ ముద్ర అందుకు ఆధారంగా పనికొస్తుంది.