కడుపు క్యాన్సర్‌తో జీవిస్తున్నప్పుడు: సమాచారం ఎక్కడ, ఆసరా ఎవరి దగ్గర

కడుపు క్యాన్సర్ అని తేలిన రాత్రే చాలామంది ఫోను పట్టుకుని వెతకడం మొదలుపెడతారు. వెతకడంలో తప్పు లేదు గాని, ముందు తెరవవలసింది ఆసుపత్రి ఫైలు. ఈ క్యాన్సర్లలో పదింట తొమ్మిదికి పైగా అడినోకార్సినోమా (కడుపు లోపలి పొరలోని గ్రంథి కణాల్లో పుట్టేది) రకానివే అయినా, కడుపులోనే పుట్టే లింఫోమాకూ (రోగనిరోధక కణాల క్యాన్సర్), జిస్ట్ కణితికీ (కడుపు గోడలో పుట్టేది) చికిత్స పూర్తిగా వేరు. మీ బయాప్సీ రిపోర్టులో ఏ పేరు ఉందో తెలియకుండా ఎంత చదివినా, అది ఇంకెవరి జబ్బు గురించో చదివినట్టే అవుతుంది.

అందుకే రిపోర్టుల నకళ్లు అడిగి తీసుకోండి. ఒక నోటు పుస్తకంలో క్యాన్సర్ రకం, అది కడుపులో ఏ భాగాన ఉంది, ఏ దశలో ఉంది, ఏ మందు పని చేయవచ్చో తెలుసుకోవడానికి కణితి ముక్క మీద చేసే హెర్-2, ఎం.ఎస్.ఐ., పీడీ-ఎల్1 పరీక్షలు చేశారా, చేస్తే ఫలితం ఏమిటి అన్నవి రాసుకోండి. ముదిరిన దశలో హెర్-2 పాజిటివ్ వస్తే కీమోథెరపీతో పాటు హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ వంటి మందు వాడే అవకాశం ఉంటుంది గనుక, ఆ ఒక్క మాట మీద చికిత్స దారే మారవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ప్రశ్నలు మూడుకు మించకుండా చూసుకోండి. పది రాసుకుని వెళితే అసలుది చివర్లో మిగిలిపోతుంది. ఈ చికిత్స జబ్బును నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా అన్నది మొదటి ప్రశ్న కావాలి. అడగడం కష్టమే, కానీ మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఏ లక్షణం కనిపిస్తే అర్ధరాత్రయినా ఫోను చేయాలి, ఏ నంబరుకు చేయాలి అన్నది రెండోది. కీమో జరుగుతున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లవారేదాకా ఆగకూడదు. మూడోది మీ ఇష్టం. మరో నిపుణుడి అభిప్రాయం తీసుకుంటామని చెప్పడం డాక్టరును అవమానించినట్టు కాదు.

ఇక ఇంటర్నెట్. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఉచితంగా అందించే పీడీక్యూ అనే క్యాన్సర్ సమాచారం రోగుల కోసం ఒకటి, వైద్యుల కోసం ఒకటిగా రెండు రూపాల్లో ఉంటుంది. ముందు రోగుల రూపం చదివి, అర్థమయ్యాకే రెండోది తెరవండి. ఏది చదివినా చివరిసారి ఎప్పుడు సవరించారో చూడండి. ఐదేళ్ల మనుగడ శాతాలు ఎన్నో ఏళ్ల కిందట జబ్బు బయటపడినవారి లెక్కలు. వాటిలో మీ వయసు గాని, మీ దశ గాని, కొత్త మందులు గాని పూర్తిగా ప్రతిఫలించవు. మూలికలు, పొడులు వాడాలనుకుంటే కీమోకు అడ్డు తగులుతాయేమో డాక్టరును అడగండి. అన్ని క్యాన్సర్లకూ ఒకే మందు అని అమ్మేవారి దగ్గర ఆగనే వద్దు.

శస్త్రచికిత్స తరువాత అన్నిటికన్నా ఎక్కువగా అవసరపడే మనిషి డైటీషియన్ అని నా అభిప్రాయం; ఆసుపత్రి వాళ్లు పంపకపోయినా మీరే అడగండి. కడుపు కొంత గాని, మొత్తం గాని తీసేశాక ఆహారం పేగులోకి ఒక్కసారిగా జారిపోయి, తిన్న అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరగడం దీని రెండో రూపం. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, ఎంతసేపటికి ఇబ్బంది మొదలైంది అని వారం రోజులు రాసి చూపిస్తే, డైటీషియన్ చేతికి పని చేయడానికి ఆధారం దొరుకుతుంది. సాధారణంగా చెప్పేది రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు కొద్దికొద్దిగా తినమని, తీపి తగ్గించమని, నీళ్లు భోజనంతో కాక మధ్యలో తాగమని. కడుపు మొత్తం తీసినవారికి విటమిన్ బి12 జీవితాంతం కావాలి. కాలేయంలోని నిల్వల వల్ల లోపం వెంటనే బయటపడదు గనుక, బాగానే ఉన్నామని మానేయకండి.

రోగుల సహాయక బృందంలో చేరేటప్పుడు, మీకు జరిగిన చికిత్సే జరిగినవారిని వెతకండి. కీమో మాత్రమే తీసుకుంటున్నవారికీ కడుపు తీయించుకున్నవారికీ రోజులు ఒకేలా గడవవు. వారి అనుభవం వినండి, మందు మోతాదు మాత్రం వినకండి. కుటుంబంలో ఒకరికి మించి ఈ జబ్బు వచ్చి ఉన్నా, చిన్న వయసులోనే వచ్చినా, సీడీహెచ్1 జన్యువు (ఇందులో లోపం ఉంటే ఈ జబ్బు వంశపారంపర్యంగా రావచ్చు) పరీక్ష అవసరమా అని జెనెటిక్ కౌన్సిలర్‌ను, అంటే వంశపారంపర్య జబ్బుల మీద సలహా ఇచ్చే నిపుణుణ్ని, అడగాలి.

పాలియేటివ్ కేర్ అన్న మాట వినగానే చివరి రోజులని భయపడేవారు ఎక్కువ. నొప్పి, వాంతులు, నిద్రలేమి, దిగులు వంటివాటిని చూసే ఆ బృందం సహాయం చికిత్స సాగుతుండగానే తీసుకోవచ్చు, ఎంత త్వరగా తీసుకుంటే అంత మంచిది. ఆ మొదటి సమావేశానికి ఇంట్లో మీకు సేవ చేస్తున్నవారినీ వెంట తీసుకువెళ్లి, వారి నిద్ర, వారి అలసట సంగతీ అక్కడే చెప్పించండి.