సల్కాటా తాబేలు పిల్లను తెచ్చుకునే ముందు పెరడు కొలుచుకోండి

అరచేతిలో ఇమిడిపోయే పిల్లను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు సల్కాటా నాలుగైదు సెంటీమీటర్లే, బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. పెద్దదయ్యాక మాత్రం 40, 50 కిలోలు మామూలు, మగవి 80 కిలోలు దాటేవీ ఉన్నాయి. ప్రపంచంలోని నేల తాబేళ్లలో గలాపగోస్, అల్డాబ్రా దీవుల తాబేళ్ల తర్వాత పెద్దది ఇదే. దీని సొంత ఊరు ఆఫ్రికాలో సహారాకు దక్షిణపు అంచు, సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా. బాగా చూసుకుంటే 70 ఏళ్లు బతుకుతుంది, అంటే మీ తర్వాత దాన్ని చూసుకోవాల్సింది మీ పిల్లలో, మనవళ్లో. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు, అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్లు దీని జోలికి పోకండి. ఇంట్లో తాబేలుంటే లక్ష్మి వస్తుందని ఎవరో చెప్పారని కొనేవాళ్లకైతే ఇత్తడి తాబేలు చాలు, దానికి మేత కూడా అక్కర్లేదు.

కొనే ముందే కాగితాల సంగతి చూసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో మెట్ట ప్రాంతపు తుప్పల్లో తిరిగే నక్షత్ర తాబేలు వేరు, ఇది వేరు. నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఇంట్లో దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అమ్మేవాడు ఏ పేరు చెప్పినా మీరు డిప్ప చూడండి: నల్లటి గడుల మీద పసుపు గీతలు నడిమి నుంచి చుట్టూ విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు, ముట్టుకోకండి. సల్కాటా పిల్ల డిప్ప ఎండుగడ్డి రంగులో ఉండి, ఒక్కో గడి చుట్టూ ముదురు గోధుమరంగు అంచు ఉంటుంది. విదేశీ జాతి కాబట్టి పెంచుకోవచ్చు కానీ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, తెచ్చుకున్న 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. రసీదు ఇవ్వనన్నవాడి దగ్గర కొనొద్దు.

పిల్లకు మొదటి రెండేళ్లు గాజు తొట్టి పనికిరాదు. గాజులోంచి అవతల కనపడుతుంటే అది రోజంతా అద్దాన్ని గీరుతూనే ఉంటుంది, పైగా గాజులోంచి వచ్చే ఎండలో తాబేలుకు కావాల్సిన అతినీలలోహిత కిరణాలుండవు, అదే తొట్టిని ఎండలో పెడితే నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ప్లాస్టిక్ టబ్బు గానీ చెక్కపెట్టె గానీ తీసుకుని, అడుగున నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరవండి. ఉత్త ఇసుక వద్దు, మేతతో పాటు కడుపులోకి పోయి పేరుకుంటుంది. ఒక మూల మట్టికుండను సగానికి పగలగొట్టి బోర్లించండి, దాని కింద పొట్టు ఎప్పుడూ తడిగా ఉండాలి.

ఈ తడి విషయంలోనే చాలామంది తప్పుదారి పడతారు. ఎడారి జంతువు కదా, పొడిగా ఉంచాలి అనుకుంటారు. అక్కడ కూడా అది పగలంతా బొరియలోనే ఉంటుంది, బొరియలో మట్టి చెమ్మగా ఉంటుంది. పొడిగా పెంచిన పిల్లల డిప్ప మీద ఒక్కో గడి గోపురంలా పైకి లేస్తుంది, ఒకసారి లేచింది మళ్లీ చదును కాదు. ప్రొటీన్ ఎక్కువై అలా అవుతుందని వెనక అనుకునేవాళ్లు, కానీ వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లల మీదే చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో అసలు కారణం గాలిలో తేమ లేకపోవడమేనని, ప్రొటీన్ పాత్ర చాలా తక్కువని తేలింది. ఆ లెక్కన నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లకు సముద్రపు గాలి సగం పని చేసిపెడుతుంది. కనిగిరి, పొదిలి వైపు వాళ్లు మాత్రం ఎండాకాలంలో పొద్దునా సాయంత్రం పొట్టు మీద నీళ్లు చల్లాల్సిందే. ఏసీ గదిలో అసలు పెట్టొద్దు, ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది.

రోజూ పొద్దున స్నానం చేయించాలి. వెడల్పాటి బేసిన్లో గోరువెచ్చని నీళ్లు దాని గడ్డం దాకా, అంతకుమించి వద్దు, దానికి ఈత రాదు. పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచితే కడుపునిండా తాగుతుంది, ఆ నీళ్లలోనే మలమూత్రాలు కూడా కానిచ్చేస్తుంది. అప్పుడే పారబోయకుండా ఒకసారి చూడండి. మూత్రంతో పాటు తెల్లటి ముద్దలాంటిది వస్తుంది. అది వేళ్ల మధ్య మెత్తగా జారిపోతుంటే బాగున్నట్టు. ఇసుకలా గరగర తగిలితే నీళ్లు చాలట్లేదని, ఇలాగే వదిలేస్తే మూత్రాశయంలో రాయి కడుతుందని అర్థం. ఆ బేసిన్ వంటింటి సింకులో కడగొద్దు. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మంచిది.

మేత సంగతికొస్తే ఇది గడ్డి తినే జంతువు, ఇంట్లో మిగిలిన కూరగాయలు తినేది కాదు. మేతలో ముప్పాతిక వంతుకు పైగా గడ్డే ఉండాలి. గరిక అన్నిటికంటే సులువు, పొలం గట్టునా దొరుకుతుంది, వినాయక చవితికి మార్కెట్లోనూ దొరుకుతుంది, కాకపోతే మందు కొట్టిన గట్టు మీదది కోయకండి. పిల్ల నోటికి పొడుగు పోచ తెగదు, కత్తెరతో అంగుళం ముక్కలు చేసి తడిపి పెట్టండి. మందారం ఆకూ పువ్వూ, మల్బరీ ఆకు, గడ్డి చామంతి ఇవన్నీ మార్చి మార్చి వేయొచ్చు. నాగజెముడు మట్టలైతే ముళ్లు మంట మీద కాల్చి, గీకి, ముక్కలు కోసి పెడితే ఇష్టంగా తింటుంది, కాల్షియమూ బాగా ఉంటుంది. మునగాకు అప్పుడప్పుడు ఓ గుప్పెడు. పాలకూర, తోటకూర రోజూ పెట్టకండి, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పండ్లు, టమాటా, నిమ్మ బత్తాయి తొక్కలు, అన్నం, పెరుగన్నం, బ్రెడ్డు, కుక్కలకు పెట్టే బిస్కెట్లు ఏవీ వద్దు. "పెడితే తింటోందిగా" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. గన్నేరు పెట్టినా తింటుంది, తిని చస్తుంది. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం చెట్లుంటే తాబేలు తిరిగే వైపు లేకుండా తీసేయండి.

మేత నేల మీద వేయకుండా మార్కాపురం పలకరాయి ముక్క ఒకటి పరిచి దాని మీద వేయండి. ఇసుక అంటదు, గరుకు రాయి మీద కొరికి కొరికి ముక్కూ గోళ్లూ వాటంతటవే అరుగుతాయి. కాల్షియానికి సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క ఒకటి పక్కన పడేసి ఉంచండి, పక్షుల షాపుల్లో అమ్ముతారు. మైపాడు, కొత్తకోడూరు ఒడ్డున ఏరుకొస్తే ఉప్పు పోయేదాకా మంచినీళ్లలో నానబెట్టి ఎండబెట్టాలి.

పొద్దుటెండ రోజూ గంటైనా తగలాలి, సగం నీడ ఉన్న చోట, పైన ఇనుప మెష్ వేసి. మెష్ లేకుండా రెండు నిమిషాలు కూడా వదలొద్దు, కాకి తన్నుకుపోతుంది, రాత్రిపూట పందికొక్కులు, పిల్లులు. మే నెలలో వడగాలి కొట్టే రోజుల్లో పదింటికల్లా లోపలికి తెచ్చేయండి. ఎడారి తాబేలైనా నీడ లేకపోతే ఎండదెబ్బకు చచ్చిపోతుంది. చలికి పడుకునే జాతి కాదు ఇది, డిసెంబరు రాత్రులు పిల్ల ఉన్న పెట్టెలో 25 డిగ్రీల దాకా ఉండేలా సిరామిక్ హీటర్ బల్బు పెట్టుకోండి. తడీ చలీ కలిస్తే న్యుమోనియా వస్తుంది, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం దాని గుర్తులు.

డిప్పకు నూనె రాయడం, రంగు వేయడం, కన్నం పెట్టి తాడు కట్టడం చేయకండి. అది ఎముక, ఒంట్లో భాగం, నొప్పి తెలుస్తుంది. శుక్రవారం పసుపు కుంకుమ పెట్టే ఇళ్లూ ఉన్నాయి, పూజ దూరం నుంచి చేసుకోండి.

జత కావాలేమో అని రెండోది తేవొద్దు. పిల్లలప్పుడే ఒకటి రెండోదాన్ని మేత దగ్గరికి రానివ్వదు, మగవైతే పెద్దయ్యాక గుద్దుకుని ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి, వెల్లకిలా పడ్డది ఎండలో ఉంటే అంతే సంగతులు. ఒంటరిగా ఉంటే దానికి ఏ బాధా ఉండదు. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి, బరువు వరుసగా తగ్గుతుంటే జబ్బు బయటపడకముందే తెలుస్తుంది.

పెరిగే వేగం మేతను బట్టి, వేడిని బట్టి మారుతుంది కానీ మూడు నాలుగేళ్లలో టబ్బులూ పెట్టెలూ చాలవు. అప్పుడు కావాల్సింది నేల. పెద్దదానికి కనీసం ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడుగు ఖాళీ చోటు వదలండి, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. చుట్టూ గోడ రెండు రెండున్నర అడుగుల ఎత్తు చాలు, కానీ నేలలోకి రెండడుగులు దిగాలి, ఎందుకంటే ఇది మీటర్ల కొద్దీ బొరియ తవ్వుతుంది. ప్రహరీ పునాది కిందికి తవ్విందంటే గోడే కూలుతుంది. ముళ్లకంచె, జాలీ పనికిరావు: అవతల కనపడితే నెట్టుకుంటూ పోతుంది, 40 కిలోలు నెడితే మామూలు గేటు గడియ ఆగదు. గేటు కింది భాగం రేకుతో మూసేయండి. రాత్రికి చిన్న ఇటుక గది కట్టండి, తలుపు మూడడుగుల వెడల్పు ఉంటే రేపు అది దూరలేదని పగలగొట్టే పని ఉండదు.

గది నేల పెరడు కంటే ఓ అడుగైనా ఎత్తులో ఉండాలి. మన నెల్లూరు, ఒంగోలు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం పడితే ఒక్క రాత్రిలో పెరడు చెరువవుతుంది, బొరియలో ఉన్న తాబేలు మునిగి చస్తుంది లేదా మట్టి విరిగిపడి పూడిపోతుంది. వాన హెచ్చరిక రాగానే గదిలోకి తోలి, బొరియ మూతికి కడప బండ అడ్డం పెట్టండి.

ఇక చూసుకోలేం అనిపిస్తే చెరువులోనో అడవిలోనో వదిలేయకండి. చెరువులో మునిగిపోతుంది, అడవిలో వదిలితే దీని జబ్బులు నక్షత్ర తాబేళ్లకు అంటుకుంటాయి. అటవీ శాఖ వాళ్లను అడిగి, నమోదు కాగితాలతో సహా వేరేవాళ్లకు అప్పగించాలి.

డాక్టరు గురించి ముందే కనుక్కుని పెట్టుకోండి. ఊళ్లో పశువైద్యశాల వాళ్లు గేదెలు, గొర్రెలతో తలమునకలై ఉంటారు, తాబేలు చూసిన చెయ్యి అరుదు. తిరుపతి వెటర్నరీ కాలేజీ, చెన్నైలో వేపేరి వెటర్నరీ కాలేజీ మనకు అందుబాటులో ఉన్న పెద్ద చోట్లు. ఎక్కడికి తీసుకెళ్లినా ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోండి: పశువులకు నులిపురుగులకు మామూలుగా వేసే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం, ప్రాణం తీస్తుంది. సూది ఎత్తుతున్నప్పుడే ఆ మందు పేరేంటో అడగండి.