కొత్త టైరు వేశాక బైకు చక్రం బ్యాలెన్స్ చేసుకోవడం ఎలా?

అనంతపురం టౌన్లో నలభై స్పీడులో తిరిగినంతసేపు కొత్త టైరు బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అదే బండి 44వ నంబరు హైవే ఎక్కి, గుత్తి దాటి కర్నూలు వైపు తొంభై అందుకోగానే హ్యాండిల్ సన్నగా వణుకుతుంది. 17 అంగుళాల రిమ్ములో ఒక పక్క 20 గ్రాములు ఎక్కువుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14, 15 సార్లు తిరుగుతూ తిరిగిన ప్రతిసారీ మూడున్నర కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. వేగం సగానికి తగ్గితే ఆ లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్లో తెలియనిది హైవేలో తెలిసేది అందుకే.

మన ఊళ్లలో చాలా టైరు షాపుల్లో కార్ల చక్రాలకు మిషను ఉంటుంది గానీ, బైకు చక్రం పట్టే అడాప్టరు ఉండదు. ఇబ్బందేం లేదు. బైకు చక్రం సన్నగా ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గర చేతితో చేసే బ్యాలెన్సింగే సరిపోతుంది. ముందు చక్రానికి తప్పకుండా చేయండి. ఊళ్లోనే తిరిగే 100 సీసీ బండికి వెనక చక్రం వదిలేసినా నష్టం లేదు.

అసలు లోపం బ్యాలెన్సుదేనా?

వణుకు వచ్చే వేగంలో, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదలండి. వణుకు వెంటనే ఆగితే అది ఇంజనుది. బండి వేగాన్ని బట్టే పెరిగి తగ్గుతుంటే చక్రానిది. తర్వాత మెయిన్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లో ఉండేలా చేసి, ఫోర్కుల అడుగుభాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. 'టక్' మంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) వదులైంది. ముందు దాన్ని బిగించాలి. కోన్‌సెట్ వదులుగా పెట్టుకుని చక్రానికి ఎన్ని వెయిట్లు (తేలికైన వైపు రిమ్ముకు అంటించే చిన్న బరువు ముక్కలు) అంటించినా వృథా.

టైరు సరిగ్గా కూర్చుందా?

బ్యాలెన్సు పనిలో సగం ఇక్కడే ఉంది. టైరు పక్కన రిమ్ము అంచుకు దగ్గరగా ఒక సన్నటి గీత చుట్టూ తిరిగి ఉంటుంది. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం అంతటా సమానంగా ఉండాలి. ఒకచోట లోపలికి దిగబడితే టైరు పూర్తిగా కూర్చోలేదన్నమాట. గాలి తీసేసి, అంచుకు సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టాలి. మొండికేసిందని 40 పీఎస్‌ఐ దాటించకండి, అంచు తెగితే ప్రమాదం. కూర్చున్నాక గాలిని కంపెనీ చెప్పిన లెక్కకు తగ్గించాలి.

చాలా టైర్ల మీద పసుపు చుక్క ఉంటుంది. అది టైరులో తేలికైన చోటు. వాల్వు బరువు కాబట్టి చుక్కను వాల్వు పక్కకు తెస్తారు. అల్లాయ్ వీల్లో మాత్రం బరువైన చోటు వాల్వు దగ్గరే ఉండాలని లేదు. టైరు విప్పి ఉన్నప్పుడే ఉత్త రిమ్మును కింద చెప్పిన స్టాండు మీద తిప్పి, కిందికి వచ్చే చోట మార్కు పెట్టుకుని, చుక్కను అక్కడికి తెస్తే తర్వాత పడే వెయిట్లు చాలా తగ్గుతాయి. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

స్పోకుల రిమ్ముకు అవుట్ (తిరిగేటప్పుడు వంకర) ఉంటే ముందు అది తీయించాలి. చాలా బండ్ల మాన్యువళ్లలో పక్కకు గానీ, పైకీ కిందికీ గానీ 2 మి.మీ. వరకే ఒప్పుకుంటారు.

ఇంకొకటి. ట్యూబ్‌లెస్ టైరులో పంచర్ ద్రవం పోసి ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. చక్రం ఆగినప్పుడల్లా అది అడుగుకు జారి, అదే బరువైన చోటులా కనిపిస్తుంది. ద్రవం పోయించాలనుకుంటే బ్యాలెన్సు అయ్యాకే పోయించండి.

స్టాండు కట్టడం

రెండు కుర్చీలైనా, రెండు సిమెంటు ఇటుకల వరసలైనా చాలు. యాక్సిల్ (చక్రం మధ్యలోని ఇరుసు) రెండు కొసలూ వాటి మీద కూర్చుని, చక్రం నేలకు తగలకుండా తిరగాలి. ఇంట్లో నాపరాళ్ల గచ్చు సమంగానే కనిపిస్తుంది, నమ్మకండి. మేస్త్రీ వాడే రసమట్టం యాక్సిల్ మీద పెట్టి, ఎత్తు తక్కువైన వైపు అట్టముక్కలు దోపి సరిచేయండి. ఫ్యాను ఆపేయండి.

చక్రం ఎంత సులువుగా తిరిగితే లెక్క అంత కచ్చితంగా వస్తుంది. డ్రమ్ము బ్రేకైతే బ్రేకు ప్లేటు తీసేయాలి. స్పీడోమీటరు గేరు, వెనక చక్రానికైతే చైనూ ఉండకూడదు. డస్టు సీళ్లు (బేరింగులోకి దుమ్ము పోకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిగా పట్టి ఉంటే వాటినీ తీసి పక్కన పెట్టండి. 5 గ్రాముల తేడా తెలియకుండా చేసేవి ముఖ్యంగా ఆ సీళ్లే. బేరింగు గరగరలాడుతుంటే మార్చాల్సిందే. డిస్కు బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) విప్పి ఉన్నప్పుడు లివరు నొక్కకండి, పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి.

వెయిట్లు పెట్టడం

చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలేయండి. అటూ ఇటూ ఊగి ఆగుతుంది. అడుగున ఉన్నది బరువైన చోటు. సరిగ్గా దాని ఎదురుగా, పైన సుద్దముక్కతో గీత పెట్టండి. మూడు నాలుగు సార్లు వేర్వేరు చోట్ల నుంచి వదిలి, ప్రతిసారీ అదే గీత పైకి వస్తుందేమో చూడండి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే బేరింగు పట్టేస్తోందని గానీ, చక్రం ఇప్పటికే సమంగా ఉందని గానీ అర్థం.

గీత దగ్గర 10 గ్రాముల వెయిటును మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా అంటించి, చక్రాన్ని పావు వంతు తిప్పి, గీత గడియారంలో 3 అంకె ఉండే చోటుకు తెచ్చి వదలండి. వెయిటు కిందికి దిగితే ఎక్కువైంది, పైకి లేస్తే చాల్లేదు. అయిదేసి గ్రాములు పెంచుతూ తగ్గిస్తూ, ఏ కోణంలో వదిలినా అక్కడే నిలబడేదాకా చూడండి. ఆఖరి 5 గ్రాముల కోసం గంట కూర్చోనక్కర్లేదు.

సాధారణంగా 10 నుంచి 30 గ్రాములతో పని అయిపోతుంది. 50 దాటితే ఇంకా వెయిట్లు అంటించకండి. గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ మొదలుపెట్టండి.

లెక్క తేలాక వెయిటును సగం సగం చేసి రిమ్ము మధ్యగీతకు రెండు వైపులా అంటించాలి. ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వండి. పెట్రోలు జిడ్డు పొర మిగులుస్తుంది, థిన్నరు రంగును తినేస్తుంది. ఎండలో కాలిన రిమ్ము మీద కాకుండా, నీడలో చల్లారాక అంటించి, అర నిమిషం గట్టిగా ఒత్తిపట్టండి. ఒక రోజంతా వాటర్ సర్వీసుకు ఇవ్వకండి. స్పోకుల చక్రానికి స్పోకు వెయిట్లు దొరక్కపోతే, తూచిన సోల్డర్ తీగను నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) దగ్గర స్పోకుకు బిగుతుగా చుట్టి పైన టేపు వేయొచ్చు. వెయిటు ఏదైనా కాలిపర్‌కూ ఫోర్కుకూ తగలకుండా చక్రం చేత్తో తిప్పి చూడాలి.

తిరిగి బిగించేటప్పుడు

స్పేసర్లు (యాక్సిల్ మీద చక్రం పక్కన ఉండే గొట్టపు ముక్కలు) ఏ వైపువి ఆ వైపే పడాలి. డ్రమ్ము ప్లేటులోని గాడిలో ఫోర్కు మీది ముక్కు కూర్చోవాలి. అది కూర్చోకుండా బండి తీస్తే మొదటి బ్రేకుకే ప్లేటు చక్రంతోపాటు తిరిగి చక్రం పట్టేస్తుంది. యాక్సిల్ నట్టును మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకు (బిగింపు లెక్కకు) బిగించి, కాటర్ పిన్ను ఉంటే కొత్తది వేయండి. డిస్కు బండైతే లివరు గట్టిపడేదాకా నొక్కి వదులుతూ ఉండాలి, ఆ తర్వాతే బండి కదపాలి.

కొత్త టైరు మీద మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో ఎక్కువ వాల్చకండి. ఆ తర్వాత హైవేలో ఒకసారి తొంభైకి వెళ్లి చూసి, ఇంటికొచ్చాక వెయిట్లు అంటించిన చోటే ఉన్నాయో లేదో వేలితో కదిపి చూడండి.