రొమ్ము పట్టించడం నేర్చుకుందాం – 3వ పాఠం: "పాలు పడలేదు సిస్టర్"

బిడ్డను తుడిచి తల్లి ఛాతీ మీద పడుకోబెట్టడం, గంటలోపే రొమ్ము అందించడం పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు వార్డులోకి వద్దాం. రెండో రోజు బాలింతల దగ్గర ఎక్కువగా వినబడేది ఈ పాఠం పేరులో ఉన్న మాటే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ నైట్ డ్యూటీలో నేనూ విన్నాను. సిజేరియన్ అయిన తొలిచూలు తల్లి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. "డబ్బా పాలు రాయించమ్మా, పసిగుడ్డు గొంతు ఎండిపోతోంది" అని అమ్మమ్మ గోల. నేను రొమ్ము నొక్కి చూశాను, చుక్క రాలేదు. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. తెల్లారాక సీనియర్ సిస్టర్ ఒక్కటే అడిగారు: "బిడ్డ తాగుతుంటే చూశావా?" చూడలేదు. ఆవిడ తల్లి వీపుకి దిండు పెట్టి, కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కిందుగా పక్కకు పట్టించారు. కాసేపటికి గుటక వినబడింది.

నొక్కితే చుక్క రాకపోవడం పాలు లేవనడానికి గుర్తు కాదు. మొదటి రోజు బిడ్డకు ఒకసారికి కావాల్సింది దాదాపు ఒక టీ స్పూను ముర్రుపాలే. పాలు నిండుగా రావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అందుకే మందు, డబ్బా అనే ముందు ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా పాలివ్వడం కళ్లారా చూడండి.

స్టూలు లాక్కుని కూర్చోండి. ముందే చెయ్యి వేయొద్దు. బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉన్నాయా? పొట్ట తల్లి పొట్టకు ఆనిందా? మీరే మెడ పక్కకు తిప్పి గుక్కెడు నీళ్లు తాగి చూడండి, బిడ్డ కష్టం తెలుస్తుంది.

ఇక అసలు విషయం. పట్టించాల్సింది చనుమొన కాదు, రొమ్ము. చనుమొన బిడ్డ పైపెదవికి తగిలేలా ఉంచి ఆగండి. ఆవలించినంత పెద్దగా నోరు తెరవగానే, మెడను భుజాలను ఆనించి పట్టుకుని బిడ్డనే రొమ్ము దగ్గరకు తేవాలి. రొమ్మును నోట్లోకి కుక్కకూడదు, తల వెనక నుంచి నెట్టకూడదు. పట్టు కుదిరితే నాలుగు గుర్తులు కనిపిస్తాయి: నోరు బాగా తెరుచుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, గడ్డం రొమ్ముకు తగులుతుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కిందకన్నా పైనే ఎక్కువ కనబడుతుంది. బుగ్గలు లోపలికి పోతున్నా, చప్పరించే టక్ టక్ శబ్దం వస్తున్నా, తల్లి నొప్పితో పళ్లు బిగిస్తున్నా పట్టు కుదరలేదు. లాగకండి. శుభ్రమైన చిటికెన వేలు నోటి మూలన పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. మూడుసార్లు చేయాల్సి వచ్చినా చేయాల్సిందే.

తల్లికి టెన్షన్ ఉంటే తయారైన పాలు కూడా చేపుకు రావు. పాడి తెలిసిన అమ్మమ్మలకు ఇది చిటికెలో అర్థమవుతుంది, బెదిరిన గేదె చేపదని వాళ్లకు మనం చెప్పనక్కర్లేదు. ఆవిడను కసురుకుని బయటికి పంపొద్దు. "పెద్దమ్మా, గుడ్డలు ఎన్ని తడిపాడో మీరు లెక్కపెట్టండి" అని పని అప్పజెప్పండి. రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అయిదో రోజు నుంచి ఆరుకు తగ్గకూడదు. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. బిడ్డ నీరసంగా ఉండి లేపినా తాగకపోతే, బరువు నూటికి పది వంతులు మించి తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి.

కాన్పుల ఆసుపత్రుల్లో తల్లిపాలు సాఫీగా సాగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్పి, 2018లో సవరించిన పది మెట్లలో అయిదోది ఇదే: పాలివ్వడం మొదలుపెట్టడానికి, కొనసాగించడానికి తల్లికి తోడుండటం. కేస్ షీట్‌లో "తల్లిపాలు ఇవ్వమని చెప్పాం" అని రాస్తే తోడున్నట్టు కాదు. ఎన్ని గంటలకు, ఏ వైపు, నాలుగు గుర్తుల్లో ఎన్ని కనబడ్డాయి, మీరు ఏం మార్చారు, మార్చాక నొప్పి తగ్గిందా అన్నది రాయండి. తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టర్ అక్కడి నుంచే మొదలుపెట్టగలగాలి.

ఈ వారం అభ్యాసం: ఇద్దరు తల్లులు, ఒకరు మామూలు కాన్పు, ఒకరు సిజేరియన్. ఇద్దరి దగ్గరా పూర్తిగా కూర్చుని చూసి, పైన చెప్పినట్టు రాసుకుని రండి. వచ్చే పాఠంలో చేత్తో పాలు తీయడం, ఉగ్గుగిన్నెతో పట్టడం.