ఈ-జర్నళ్ల చందా, న్యాయమైన ధర – 4వ పాఠం: ఒక్కో వాడకానికి ఎంత పడింది?

పోయిన పాఠంలో లైసెన్సు ఒప్పందం చదవడం నేర్చుకున్నాం. చందా ఆపేశాక కూడా, డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు చదువుకునే హక్కు మనకి ఉందో లేదో అందులో వెతకమన్నాను. ఉంటే, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. అది లేకపోతే ఇవాళ్టి లెక్క సగంలో ఆగిపోతుంది.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే. ప్రచురణకర్త చెప్పిన ధరకి మన పాఠకులకు అందుతున్నది ఎంతో మన చేత్తో లెక్కగట్టడం.

నేను కల్పించిన ఒక ఉదాహరణ తీసుకుందాం. 600 జర్నళ్ల ప్యాకేజీ, ఏడాదికి 9,00,000. ఏ కరెన్సీ అన్నది వదిలేయండి, అంకెలే చూడండి. రెన్యువల్ ఉత్తరంలో ప్రచురణకర్త రెండు మాటలు రాశాడు. "జర్నల్ ఒక్కంటికి 1,500 పడుతోంది, విడిగా కొంటే 12,000." "మీ వాళ్లు ఏడాదిలో 30,000 సార్లు వ్యాసాలు తెరిచారు, అంటే ఒక్కో వాడకానికి 30 మాత్రమే." రెండూ అబద్ధం కాదు. కానీ ఆ భాగహారంలో కింద ఏ అంకె పెట్టాలో నిర్ణయించింది ఆయనే. ఆ పని మనది.

ప్రచురణకర్త ఇచ్చే యూసేజ్ రిపోర్టులు, అంటే వాడకం లెక్కలు, తెరవండి. ప్రచురణకర్తలందరూ వాడకాన్ని ఒకే పద్ధతిలో లెక్కించాలని 2002లో కౌంటర్ (COUNTER) అనే సంస్థ మొదలైంది. దాని ప్రమాణం ప్రకారం వచ్చే రిపోర్టుల్లో ఇవాళ మనకి కావలసినవి రెండు: టీఆర్_జే1 (TR_J1), టీఆర్_జే4 (TR_J4). ప్రచురణకర్త చెప్పిన 30,000 ఈ రెండింటిలోనూ కనిపించదు. ఎందుకో చూద్దాం.

ఒక పాఠకురాలు వ్యాసాన్ని ముందు వెబ్ పేజీగా తెరిచి, నచ్చాక పీడీఎఫ్ దింపుకుంది. "టోటల్" లెక్కలో అది రెండు. ఒకే సెషన్‌లో, అంటే ఒకే విడతలో, జరిగింది కాబట్టి "యూనిక్" లెక్కలో ఒకటే. ఆమె చదివింది ఒక్క వ్యాసమే గనక మనం ఎప్పుడూ యూనిక్ తీసుకోవాలి. మన ఉదాహరణలో 30,000 కాస్తా 22,000 అయింది.

అందులో 4,000 ఓపెన్ యాక్సెస్ వ్యాసాలు. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదవగలిగేవి. చాలా వాటికి రచయితో, ఆయన సంస్థో ప్రచురణ రుసుము ముందే కట్టేశారు. వాటిని కూడా కలిపి మనకి "చవక" అని చూపిస్తే, ఒకే వ్యాసానికి రెండు వైపులా డబ్బు తీసుకోవడాన్ని మనం ఒప్పుకున్నట్టే. టీఆర్_జే1 వాటిని తీసేసే ఇస్తుంది. మిగిలింది 18,000.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. టీఆర్_జే4 వాడకాన్ని వ్యాసం ప్రచురించిన సంవత్సరాల వారీగా విడగొట్టి చూపిస్తుంది. శాశ్వత హక్కు ఉన్న పాత సంవత్సరాల వ్యాసాలు 8,000 సార్లు వాడారనుకోండి. చందా ఉన్నా లేకపోయినా అవి మనవే. కాబట్టి కొత్త చందా నిజంగా కొనిపెడుతున్నది 10,000 వాడకాలు. 9,00,000ని 10,000తో భాగిస్తే 90.

30 అన్నది 90 అయింది. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశానేమోనని టెన్షన్ పడి మూడుసార్లు వేశాను. మీరూ వేయండి. బేరానికి కూర్చున్నప్పుడు మీ అంకె మీద మీకు నమ్మకం ఉండాలి.

ఇక రెండో మెట్టు. జర్నళ్లను వాడకం ప్రకారం పైనుంచి కిందికి పేర్చండి. మన ఉదాహరణలో పై 60 జర్నళ్లలోనే 7,500 వాడకాలు ఉన్నాయి. మిగతా 540 కలిపి 2,500. వాటిలో 250 జర్నళ్లను ఏడాదంతా ఎవరూ తెరవలేదు. ఆ 60 విడిగా కొంటే, తగ్గింపు పోతుంది కాబట్టి, ఒక్కోటి 12,000 చొప్పున 7,20,000. ఆ 2,500లో ఒక 1,000 వ్యాసాలకు రచయితలు రిపాజిటరీల్లో (అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్ భాండాగారాల్లో) పెట్టిన చట్టబద్ధమైన ప్రతులు దొరుకుతాయనుకుందాం. మిగిలిన 1,500 ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద, అంటే వేరే లైబ్రరీల నుంచి, తెప్పిస్తే, ఒక్కోటి 60 చొప్పున 90,000. మొత్తం 8,10,000.

ప్యాకేజీ లేకుండా బతకడానికి అయ్యే ఖర్చు ఇది. ఇది తెలియకుండా బేరానికి వెళ్లకండి. 9,00,000కీ దీనికీ తేడా 90,000. పాఠకులు ఎదురుచూడకుండా వెంటనే వ్యాసం తెరుచుకునే సౌకర్యానికి అంత ఇవ్వవచ్చా అన్నది మీ సంస్థ ఆలోచించుకోవాలి. కొన్నిచోట్ల ఇవ్వవచ్చు కూడా. అయితే ఒప్పందం మూడేళ్లదై, ఏటా 5 శాతం పెంపు ఉంటే మూడో ఏడు 9,92,250 అవుతుంది. విడి ధరలూ పెరుగుతాయి కాబట్టి రెండు వైపులా మూడేళ్లకి లెక్క వేయండి.

ఈ లెక్కకి ఒక ప్రమాదం ఉంది. ఒకసారి నేను వాడకం చూసి మాత్రమే ఒక చిన్న జర్నల్‌ను జాబితాలోంచి కొట్టేశాను. ఏడాదికి ఇరవై వాడకాలు కూడా లేవు. ఆ కాసిని వాడకాలూ ఒకే ఒక పరిశోధక విద్యార్థివని తర్వాత తెలిసింది. అతని విషయానికి అదే ప్రధానమైన జర్నల్. ఒక్కో వ్యాసం కోసం అతను రోజుల తరబడి ఎదురుచూశాడు. అప్పటి నుంచి కింది జాబితాను ఆయా శాఖల వాళ్లకి చూపించకుండా ఒక్క పేరు కూడా కొట్టలేదు. వైద్యం జర్నళ్లకు ఉన్నంత వాడకం గణితం జర్నళ్లకు ఉండదు, ఉండాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. పోలిక ఒకే రంగంలోని జర్నళ్ల మధ్యే పెట్టండి.

"మా ధర అందరికీ ఒకటే" అని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు. అమెరికాలో ఆర్థికవేత్తలు ప్రభుత్వ రికార్డుల చట్టాల కింద విశ్వవిద్యాలయాల ఒప్పందాలు తెప్పించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. 2009లో ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ ప్యాకేజీకి మిషిగన్ విశ్వవిద్యాలయం సుమారు 21.6 లక్షల డాలర్లు కడితే, విస్కాన్సిన్ సుమారు 12.2 లక్షలు కట్టింది. ధర బయటికి చెప్పకూడదనే షరతు ఒప్పుకుంటే, పక్క లైబ్రరీ ఎంత కడుతోందో మనకి ఎప్పటికీ తెలియదు. కార్నెల్ విశ్వవిద్యాలయ లైబ్రరీ 2011లోనే అలాంటి షరతులున్న ఒప్పందాల మీద సంతకం పెట్టబోమని ప్రకటించింది. అందరికీ అంత బలం ఉండకపోవచ్చు. ఆ షరతు కొట్టేయమని అడగడానికి మాత్రం బలం అక్కర్లేదు. కన్సార్షియంలో, అంటే కలిసి చందా కట్టే లైబ్రరీల కూటమిలో, ఉంటే అందరూ కలిసి అడగండి.

లేచి వెళ్లిపోవడం కూడా జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019 ఫిబ్రవరిలో ఎల్సెవియర్‌తో చర్చలు ఆపేసింది. కొత్త వ్యాసాలు నేరుగా అందకపోయినా దాదాపు రెండేళ్లు నిలబడి, 2021 మార్చిలో తమ రచయితల వ్యాసాలకు ఓపెన్ యాక్సెస్ కలిపిన కొత్త ఒప్పందం చేసుకుంది.

అభ్యాసం: మీ లైబ్రరీలో అన్నిటికన్నా ఖరీదైన ప్యాకేజీ ఒకటి తీసుకోండి. పోయిన ఏడాది టీఆర్_జే1, టీఆర్_జే4 దింపుకుని, ఒకే పేజీలో మూడు అంకెలు రాయండి: ప్రచురణకర్త చెప్పిన వాడకం ధర, మీరు తేల్చిన ధర, ప్యాకేజీ లేకుండా బతికే ఖర్చు. శాశ్వత హక్కు గురించి ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే ఆ 8,000 లాంటి అంకెను తీసేయకండి, అనుమానం అని పక్కన రాసి ప్రచురణకర్తకు రాతపూర్వకంగా ప్రశ్న పంపండి. జవాబు రావడానికి సమయం పడుతుంది, అందుకే ఈ వారమే పంపండి. 5వ పాఠంలో ఆ పేజీని ముందు పెట్టుకునే రెన్యువల్ ఉత్తరానికి జవాబు రాస్తాం.