పగడాల రంగు నమోదు చేయడం ఎలా? నీల్ దీవికి వెళ్లే వాలంటీర్లకు

పగడపు దిబ్బల మీద పని చేయాలంటే మెరైన్ బయాలజీ చదవాలి, స్కూబా సర్టిఫికెట్ ఉండాలి అనుకుని చాలామంది ఆగిపోతారు. అక్కర్లేదు. ఈత వచ్చి, మాస్క్, స్నార్కెల్ (నీళ్ల మీద ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని కంగారు పడకుండా నీళ్ల మీద తేలగలిగితే చాలు, ఒక రంగుల కార్డుతో పరిశోధకులకు పనికొచ్చే లెక్క తీసుకురావచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2002లో మొదలుపెట్టిన కోరల్‌వాచ్ అనే పగడాల పరిశీలన కార్యక్రమం వాళ్ల కార్డు అది. వాళ్ల వెబ్‌సైట్‌లో అడిగి తెప్పించుకోండి, ఇంట్లో ప్రింట్ తీయొద్దు, రంగులు తేడా వస్తాయి.

రంగే ఎందుకు చూడాలంటే, పగడం ఒంట్లో కంటికి కనపడని ఆల్గే, అంటే నాచు లాంటి సూక్ష్మజీవి ఉంటుంది. పగడానికి తిండి చాలావరకు పెట్టేది అదే, రంగు వచ్చేదీ ఎక్కువగా దాని వల్లే. నీళ్లు మామూలు ఎండాకాలం వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఆల్గే బయటికి పోతుంది, పగడం పాలిపోతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడ్డ పగడం ఇంకా చచ్చిపోలేదు, వేడి త్వరగా తగ్గితే కోలుకోవచ్చు. 2010లో, 2016లో అండమాన్‌లో ఇలా పెద్ద ఎత్తున జరిగింది.

మన కోస్తాలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు నీళ్లలో పెద్ద దిబ్బలు పెరగవు కాబట్టి మనవాళ్లకు అండమానే అనుకూలం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి ఓడ ఉంది, అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, భాషతో ఇబ్బంది రాదు. మొదటిసారైతే నీల్ దీవికి, అంటే ఇప్పటి షహీద్ ద్వీప్‌కి వెళ్లండి, అక్కడ భరత్‌పూర్ బీచ్ దగ్గర లోతు తక్కువ. వండూర్‌లోని మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో చేయాలనుకుంటే మాత్రం అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

నీళ్లలోకి దిగే ముందు పడవవాళ్లను మొసళ్ల గురించి అడగండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, మడ అడవుల కాలువల దగ్గర అసలు దిగొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరిద్దరుగా ఉండండి. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు ఫుల్ హ్యాండ్స్ రాష్ గార్డ్ (ఒంటికి అంటుకుని ఉండే ఈత చొక్కా) వేసుకోండి. ఆటుపోట్ల వేళలు, అలల ఎత్తు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిని బట్టి పగడాల బ్లీచింగ్ హెచ్చరికలు ఇచ్చేది కూడా ఆ సంస్థే, కాబట్టి బయలుదేరే ముందు అదీ చూడండి.

ఇక అసలు పని. కార్డు మీద బి, సి, డి, ఇ అని నాలుగు రంగు వరసలు, ఒక్కోదాంట్లో లేత నుంచి ముదురుకి 1 నుంచి 6 వరకు అంకెలు ఉంటాయి. పగడం పక్కన కార్డు పెట్టి, ముందు దాని మీద అన్నిటికంటే లేతగా ఉన్న చోటు ఏ గడితో కలుస్తుందో చూసి ఉదాహరణకు ‘డి2’ అని రాయండి, తర్వాత అన్నిటికంటే ముదురు చోటు. కొమ్మల పగడం కొసలు పెరిగే భాగం కాబట్టి సహజంగానే తెల్లగా ఉంటాయి, వాటిని వదిలేయండి. పగడం ఏ రకమో కూడా రాయాలి: కొమ్మలదా, బండలాంటిదా, పళ్లెంలాంటిదా, మెత్తటిదా. కార్డు పగడానికి తగలకూడదు, మీ ఫిన్స్ (ఈతకు పాదాలకు వేసుకునే రెక్కలు) అసలే తగలకూడదు. పనంతా చేసి ఒక్క కొమ్మ విరగ్గొట్టినా ఆ రోజు నీళ్లలోకి దిగకుండా ఉండి ఉంటేనే నయం.

వాలంటీర్లు ఎక్కువగా తడబడేది పగడాన్ని ఎంచుకునే దగ్గర. కన్ను అందమైనదాని మీదకో, బాగా తెల్లబడ్డదాని మీదకో పోతుంది, అలా ఏరుకుంటే ఆ దిబ్బ నిజ పరిస్థితి లెక్కలోకి రాదు. అందుకే ముందే ఒక నియమం పెట్టుకోండి, రెండు సార్లు కాళ్లు ఆడించి ఆగడం, అప్పుడు దగ్గర్లో ఏ పగడం ఉంటే దాన్నే చూడడం. బోరింగ్‌గా, గోధుమ రంగులో, మామూలుగా ఉన్నా సరే దాన్నే రాయండి. కనీసం ఇరవై పగడాలు చూడాలి. ఒకరు చూసి చేత్తో సైగ చేస్తే ఇంకొకరు ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాయడం సులువు. తేదీ, టైమ్, లోతు, ఎండ ఉందా మబ్బుందా, నీటి వేడి, జీపీఎస్ చోటు, ఇవన్నీ ఒడ్డుకు రాగానే రాసేసి అదే రోజు కోరల్‌వాచ్ సైట్‌లో ఎక్కించండి. కార్డును మంచినీళ్లతో కడిగి నీడలో పెట్టండి.

చేపలు, నత్తలు, ముళ్ల నక్షత్ర చేపలు కూడా లెక్కపెట్టాలనిపిస్తే 1997 నుంచి నడుస్తున్న రీఫ్ చెక్ పద్ధతి ఉంది, కానీ దానికి శిక్షణ, టేపు పరిచి వంద మీటర్లు కొలవడం అవసరం. ముందు రంగు చూడడం చేతికి రానివ్వండి.

ఒక్కసారి తీసిన లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. ఫిబ్రవరిలో ఒకసారి, వేడి ముదిరే ఏప్రిల్, మేలో సముద్రం అల్లకల్లోలం కాకముందే ఒకసారి, వానలయ్యాక డిసెంబరులో ఒకసారి, అదే చోట చేస్తే మార్పు తెలుస్తుంది. ఇక్కడి నుంచి మూడుసార్లు వెళ్లడం అందరికీ కుదరదు కదా, అందుకే మీ మొదటి ట్రిప్‌లోనే అక్కడుండే స్కూల్ టీచర్‌నో, పడవ నడిపే తమ్ముడినో వెంట నీళ్లలోకి తీసుకెళ్లి పని నేర్పించి, ఒక కార్డు వాళ్ల దగ్గరే ఉంచి రండి.